కొత్త సిస్టం బూటింగ్ మీద మా నాయనతో పేచీ. ఎవరిది కరెక్టో చెప్పండి

పినాకిని_బోగీ | శనివారం, రాత్రి 9:40

మాది కావలి. చెన్నైలో ఉద్యోగం, శనాదివారాలు పినాకిని ఎక్కి ఇంటికొస్తుంటాను. మా నాయనకి ఊళ్లో చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఎలక్షన్లొస్తే స్లిప్పులు. పాతికేళ్లకు పైగా కంప్యూటర్ల మధ్యే ఉన్న మనిషి, తన సిస్టం తనే అసెంబుల్ చేసుకుంటాడు. కాబట్టి "పెద్దాయనకి ఏం తెలుసులే" అని మొదలుపెట్టకండి. ఆయనకి తెలుసు. నా తలనొప్పే అది.

పాత మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయి సిస్టం రోజుకు మూడుసార్లు హ్యాంగవుతుంటే దసరాకి కొత్తది కొనిచ్చాను. విండోస్ 11, ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్. మొన్న నాయన పాత హార్డ్‌డిస్కు ఊడదీసి దీనికి తగిలించాడు. 500 జీబీ, ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు, 2006 నుంచి వేసిన కార్డులన్నీ. బూట్ కాలేదు. సెటప్‌లోకి వెళ్లి లెగసీ మోడ్ కోసం, అంటే పాత బయోస్ (పవర్ నొక్కగానే సిస్టంని లేపే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) పద్ధతి కోసం వెతికాడు. అసలు ఆ ఆప్షనే లేదు. ఇక చూడండి.

ఆయన మాట: "బయోస్ తలుపు తీసి పక్కకు తప్పుకునేది. ఇది గేటు దగ్గర నిలబడి ఆధార్ కార్డు అడుగుతోంది. నా డిస్కు, నా కరెంటు, నా షాపు. నన్నే ఎవరని అడిగితే ఎట్టా?"

నా మాట: బయోస్ 1981 నాటి ఐబీఎం పీసీ కాలం పద్ధతి. 16 బిట్ మోడ్‌లో లేస్తుంది, మొదట ఒక ఎంబీ మెమరీలోనే మసలుతుంది. డిస్కులో మొదటి 512 బైట్లు చదివి, అవి మంచివో చెడ్డవో చూడకుండా పగ్గాలు వాటి చేతికిచ్చేస్తుంది. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ అట్టా కాదు. విండోస్‌ని లేపే బూట్ లోడర్ ఒక ఫైలుగా డిస్కులో వేరే పార్టిషన్‌లో (భాగంలో) ఉంటుంది, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దాని మీద సంతకం సరిచూశాకే నడిపిస్తుంది. పైగా కొత్త సిస్టం ఎనిమిది సెకన్లలో లేస్తోంది. పాతది లేచేలోపు మా అమ్మ టీ పెట్టుకొచ్చేది.

రెండు గంటలు వాదించుకున్నాం. అన్నం చల్లారిపోయింది. మీరే చెప్పండి.

గ్రానైట్_గాడు | శనివారం, రాత్రి 10:05

చీమకుర్తి నుంచి. మా క్వారీ ఆఫీసులో ఇదే గొడవ అయింది, తేడా ఏమిటంటే అక్కడ నాన్న ప్లేసులో ఓనరు. చివరికి పాత సిస్టమే రిపేరు చేయించాం. మీరూ అదే చేయండి.

ర్యామ్_రబ్బరు | శనివారం, రాత్రి 10:22

ఒంగోల్లో హార్డ్‌వేర్ సర్వీసు చేస్తాను. ముందు మీ వాదనలో ఒక తప్పు సరిచేయాలి చెల్లెమ్మా. ఎనిమిది సెకన్ల ఘనత యూఈఎఫ్‌ఐది కాదు. చాలావరకు ఎస్‌ఎస్‌డీది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం విండోస్ చేసే ఫాస్ట్ స్టార్టప్ అనే కిటుకుది. విండోస్ 8 నుంచి అది ఉంది. షట్‌డౌన్ కొడితే సిస్టం నిజంగా పూర్తిగా ఆగదు, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. పొద్దున్నే ఆ దాచుకున్నదాన్నే తీసి పరుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ కింద అప్ టైమ్ చూడండి. రోజూ రాత్రి ఆపుతున్నా పది రోజులు, పన్నెండు రోజులు అని చూపిస్తుంది.

కాబట్టి మీ నాన్నగారు కేబినెట్ విప్పి డిస్కులు మార్చే ముందు షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి పెట్టుకోవాలి. లేదంటే డిస్కులు సగం నిద్రలో ఉండగా ఊడదీసినట్టు అవుతుంది.

ఎక్స్‌పీ డిస్కు ఎందుకు లేవలేదంటే, ఎక్స్‌పీకి యూఈఎఫ్‌ఐ మీద బూట్ కావడమే రాదు. మధ్యలో కొన్నేళ్లు బోర్డుల్లో సీఎస్‌ఎం అని ఒక ముసుగు ఇచ్చేవాళ్లు. అది పాత బయోస్ లాగా నటించేది. 2020 కల్లా దాన్ని ఎత్తేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది, ఆ తర్వాత చాలా కొత్త బోర్డుల్లో అది లేకుండా పోయింది. మీ నాన్నగారు వెతికిన ఆప్షన్ అదే. ఎంత వెతికినా దొరకదు.

పినాకిని_బోగీ | శనివారం, రాత్రి 10:31

అప్ టైమ్ ఇప్పుడే చూశా. 11 రోజులు. "నేను చెప్పలా? రాత్రి ఆపినా ఇది ఆగడం లేదని నాకు మొదటి నుంచీ అనుమానమే" అంటున్నాడు వెనక నిలబడి. థాంక్స్ అన్నా, ఇక ఈ రాత్రికి నాకు నిద్ర లేనట్టే.

చిన్నబజార్_చిప్ | శనివారం, రాత్రి 10:48

నెట్‌లో మాడిఫై చేసిన బయోస్ ఫైళ్లు దొరుకుతాయి. ఫ్లాష్ చేస్తే (బోర్డు చిప్పులోకి ఎక్కిస్తే) సీఎస్‌ఎం వచ్చేస్తుంది. సింపుల్.

ర్యామ్_రబ్బరు | శనివారం, రాత్రి 10:52

దయచేసి ఆ పని చేయకండి. ఫ్లాష్ మధ్యలో కరెంటు పోయినా, ఫైలు తేడా ఉన్నా బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. అట్టాంటివి నా టేబుల్ మీద ఇప్పటికే రెండు ఉన్నాయి. పైగా కొత్త ఇంటెల్ చిప్పుల్లోని గ్రాఫిక్స్‌కి లెగసీ వీడియో బయోసే లేదు. సీఎస్‌ఎం ఎట్టాగో తెచ్చినా తెర మీద బొమ్మ రాదు.

లినక్స్_లచ్చి | శనివారం, రాత్రి 11:15

నేను నాన్నగారి పార్టీ. సెక్యూర్ బూట్ అంటే ఏదో సెక్యూరిటీ గార్డు అనుకుంటున్నారు మీరంతా. ఆ గార్డు జేబులో ఉన్న పేర్ల పట్టీ రాసిందెవరు? మదర్‌బోర్డు కంపెనీ, మైక్రోసాఫ్ట్. నేను లినక్స్ వేసుకోవాలన్నా మైక్రోసాఫ్ట్ సంతకం పెట్టిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ముందు నడవాలి, ఆ తర్వాతే నా లినక్స్. మా ఇంట్లోకి నేను పోవడానికి పక్కింటాయన సిఫారసు ఉత్తరం!

ఇంకో ముచ్చట. ఆ సంతకాలు సరిచూసే సర్టిఫికెట్లు మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చినవి. వాటి గడువు తీరిపోవడం 2026 జూన్ నుంచి మొదలు. మార్చుకోమని అప్‌డేట్లు వస్తున్నాయి.

పినాకిని_బోగీ | ఆదివారం, ఉదయం 7:10

లచ్చీ, నీకో దణ్ణం. "తాళానికి కూడా మందుసీసా లాగా ఎక్స్‌పైరీ డేటా?" అని పొద్దున్నే కాఫీ తాగుతూ మూడుసార్లు అన్నాడు.

గూడూరు_జంక్షన్ | ఆదివారం, ఉదయం 7:45

కంగారేం లేదు. గడువు తీరగానే సిస్టం ఆగిపోదు, మామూలుగానే లేస్తుంది. కాకపోతే బూట్ భాగాలకు రావాల్సిన కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు అందకుండా పోతాయి. విండోస్ అప్‌డేట్లు ఆపకుండా ఉంచితే చాలావరకు కొత్త సర్టిఫికెట్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

పినాకిని_బోగీ | ఆదివారం, ఉదయం 11:20

అర్జెంట్!! ప్లీజ్ ఎవరైనా ఉన్నారా?

నేను కూరగాయలకి వెళ్లొచ్చేలోపు నాయన సెటప్‌లోకి పోయి సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాడు. ఇప్పుడు నీలం తెర వచ్చి బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ అడుగుతోంది. 48 అంకెలట! మేం ఏ రోజూ బిట్‌లాకర్ పెట్టుకోలేదు. రేపు పొద్దున పది గంటలకు ఒక పెళ్లి కార్డు డెలివరీ ఉంది, ఆ డిజైన్ ఫైలు ఈ కొత్త సిస్టంలోనే ఉంది. ఆయన ఏం మాట్లాడకుండా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. నాకు టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు.

ర్యామ్_రబ్బరు | ఆదివారం, ఉదయం 11:24

ఆగండి. ఏదీ ఫార్మాట్ చేయొద్దు, ఎవరు చెప్పినా రీసెట్ కొట్టొద్దు. మళ్లీ సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. ఇంకేమీ ముట్టుకోవద్దు.

పినాకిని_బోగీ | ఆదివారం, ఉదయం 11:33

లేచింది. మామూలుగా డెస్క్‌టాప్ వచ్చేసింది. కాళ్లు ఇప్పటికీ వణుకుతున్నాయి.

ర్యామ్_రబ్బరు | ఆదివారం, ఉదయం 11:50

ఏం జరిగిందో చెప్తాను, మీ నాన్నగారికి కూడా చదివి వినిపించండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే బిట్‌లాకర్ తాళం పడుతుంది. హోమ్ ఎడిషన్ అయినా సరే. తాళంచెవి సిస్టంలోని టీపీఎం అనే భద్రతా భాగం దగ్గర ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు పరిస్థితి నిన్నటిలాగే ఉందా అని టీపీఎం కొలత చూసుకుంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా లేదా అన్నది ఆ కొలతలో ఒక భాగం. కొలత తప్పింది, తాళంచెవి ఇవ్వలేదు. మళ్లీ ఆన్ చేశారు, కొలత కుదిరింది, ఇచ్చేసింది.

ఇప్పుడు చేయాల్సిన పని: ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏ ఖాతా వాడారో ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. సిస్టం అమ్మిన కుర్రాడు తన ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇస్తుంటాడు కొన్నిచోట్ల. అది కూడా చూసుకోండి.

పినాకిని_బోగీ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మీరన్నట్టే అయింది. ఖాతా అమ్మినవాళ్లదే! ఫోన్ చేస్తే "అందరికీ అట్టాగే ఇస్తాం మేడమ్" అన్నారు. కీ వాట్సాప్‌లో పంపించారు. అంటే మా షాపు తాళంచెవి ఇన్ని రోజులూ ఇంకొకళ్ల ఈమెయిల్‌లో ఉంది. ఈ ఒక్క విషయంలో నాయనకి నేను సమాధానం చెప్పలేకపోయాను. ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, మా సొంత ఖాతాకి మార్చుకుని, మళ్లీ ఆన్ చేసుకోబోతున్నాం. కొత్త కీ కోసం.

జంపర్_1999 | ఆదివారం, మధ్యాహ్నం 3:15

అందరికీ నమస్కారం. నేనే ఆ నాయనని. మా అమ్మాయి ఫోన్‌లో ఇదంతా చదివాను. సగం నా వెనక, సగం నా ముందే రాసింది కాబట్టి నా తరఫు కూడా చెప్పుకోనివ్వండి.

1999లో నేను నెల్లూరులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్యాకల్టీని. ఏప్రిల్ 26 పొద్దున ల్యాబ్ తెరిస్తే పద్నాలుగు సిస్టమ్‌లలో తొమ్మిది లేవలేదు. సీఐహెచ్ వైరస్, చెర్నోబిల్ అనేవాళ్లు. హార్డ్‌డిస్కు మొదట్లో ఒక ఎంబీ మేర సున్నాలు నింపేసింది. నాలుగింటిలో బయోస్ చిప్పు కూడా చెరిపేసింది. ఫ్యాను తిరుగుతుంది, బీప్ లేదు, బొమ్మ లేదు. శవం.

అప్పుడు మేం ఏం చేశామో ఇప్పటి పిల్లలు నమ్మరు. అదే మోడల్ బోర్డు ఒకటి బాగున్నది ఆన్ చేసి డాస్‌లోకి వెళ్లాం. చిప్పుకు ముందే దారం కట్టి ఉంచి, సిస్టం నడుస్తుండగానే పైకి లాగేశాం. ఆ గుంటలో చచ్చిన చిప్పు పెట్టి బయోస్ తిరగరాశాం. చేయి కొంచెం వణికితే రెండు బోర్డులూ పోయేవి. నాలుగూ బతికించాం. ఫీజు కట్టిన పిల్లలు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

ఆ సాయంత్రమే ఉన్న ప్రతి బోర్డులోనూ ఫ్లాష్ రైట్ ప్రొటెక్ట్ జంపర్ వెతికి పెట్టాను. అది ఒక చిన్న ప్లాస్టిక్ టోపీ, రెండు పిన్నుల మీద. అది ఉంటే ఏ వైరసూ ఆ చిప్పు మీద అక్షరం రాయలేదు. తీయాలంటే స్క్రూడ్రైవర్‌తో కేబినెట్ విప్పాలి. అంటే నేను రావాలి.

తాళం వద్దని నేనెప్పుడూ అనలేదు. తాళం వేసిన మొదటివాణ్ణి నేనే. చెవి నా బొడ్లో ఉండాలి, అంతే నేను అడిగేది.

ఇక బీప్. పాత బోర్డు ఒక్క బీప్ కొడితే క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే డిస్‌ప్లే కార్డు. ఆగకుండా కొడుతుంటే ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో కాళ్లు రుద్ది పెట్టు. వంటింట్లో ఉన్నా వినపడేది. ఇది మూగది.

గూడూరు_జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:40

బాబాయ్, దారం కట్టి చిప్పు లాగారా! ఈ థ్రెడ్‌కి ఇది చాలు. నేను చేతులెత్తేశా.

లినక్స్_లచ్చి | ఆదివారం, సాయంత్రం 4:05

సార్, మీ చెవి మీ బొడ్లోనే పెట్టుకునే దారి ఉంది. చాలా బోర్డుల సెటప్‌లో సెక్యూర్ బూట్ కస్టమ్ అని ఉంటుంది. అందులో ఉన్న తాళాలు చెరిపేస్తే సిస్టం సెటప్ మోడ్‌లోకి వస్తుంది. అప్పుడు మీరు సొంతంగా తయారుచేసుకున్న కీ ఎక్కించొచ్చు. ఆ తర్వాత మీరు సంతకం పెట్టినవే నడుస్తాయి.

ర్యామ్_రబ్బరు | ఆదివారం, సాయంత్రం 4:20

లచ్చి చెప్పింది నిజమే, ఒక మెలిక వదిలేశాడు. వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని లోపలి ఫర్మ్‌వేర్ మీద ఉండేది మైక్రోసాఫ్ట్ సంతకమే. ఆ తాళం మొత్తం పీకేస్తే కార్డు నడవక తెర నల్లగా ఉండిపోవచ్చు, సెటప్‌లోకి కూడా పోలేకపోవచ్చు. రేపు పెళ్లి కార్డు డెలివరీ ఉన్న షాపులో ఈ ప్రయోగం వద్దు.

సార్, బీప్ గురించి. మీ బోర్డు మీద కరెంటు కేబుల్ దగ్గర నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని. ఏది వెలిగి అట్టాగే ఉండిపోతే జబ్బు అక్కడ. బీప్ కావాలన్నా చాలా బోర్డుల మీద స్పీకర్ పిన్నులు ఇప్పటికీ ఉంటాయి. పాత కేబినెట్‌లోని ఆ రూపాయి బిళ్లంత స్పీకర్ పీకి పెట్టుకోండి.

అయితే ఒక విషయంలో అమ్మాయి వైపు ఉంటాను. ఆ జంపర్ చిప్పును కాపాడింది కానీ డిస్కులోని మొదటి సెక్టార్‌ని కాపాడలేదు. ఆ రోజు మీ తొమ్మిదిలో ఐదు డిస్కు పోయినవే కదా? ఎంబీఆర్ అంటే ఆ మొదటి సెక్టారే. ఆ పాత పద్ధతిలో, డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ పట్టీ ఒక్కచోటే ఉంటుంది. కొత్త పద్ధతి జీపీటీ అయితే డిస్కు చివర ఇంకో కాపీ పెట్టుకుంటుంది. 2 టీబీ దాటిన డిస్కు కొన్నా ఎంబీఆర్ లెక్క అక్కడితో ఆగిపోతుంది.

జంపర్_1999 | ఆదివారం, సాయంత్రం 4:50

ఐదు కాదు, తొమ్మిదింటిలోనూ డిస్కు పోయింది. ఆ మాట ఒప్పుకుంటాను.

ఆ 512 బైట్లను నేను బ్లాక్‌బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి. 446 బూట్ కోడ్, 64 పార్టిషన్ పట్టీ, చివరి రెండు బైట్లు 55, ఏఏ. పదో తరగతి తప్పినవాడికి కూడా ఒక గంటలో అర్థమయ్యేది. వైరస్ వచ్చిన తర్వాత నుంచి ప్రతి సిస్టంది ఆ సెక్టార్ ఫ్లాపీలో కాపీ తీసి పెట్టించాను. కాపీ పెట్టుకోవాలన్న ఆలోచన జీపీటీ కంటే ముందు మాకూ వచ్చిందమ్మా.

పినాకిని_బోగీ | ఆదివారం, సాయంత్రం 5:02

పక్క గదిలో కూర్చుని థ్రెడ్‌లో సమాధానం రాస్తున్నాడు. నోటితో చెప్పొచ్చు కదా.

నాయనా, నువ్వే తాళం తప్పు కాదంటున్నావు, నేనూ చెవి మన దగ్గరే ఉండాలంటున్నా. మరి నిన్న రాత్రి దేని గురించి అరుచుకున్నాం?

జంపర్_1999 | ఆదివారం, సాయంత్రం 5:06

నువ్వు "పాత పద్ధతి" అన్నావు.

గ్రానైట్_గాడు | ఆదివారం, సాయంత్రం 5:30

మరి ఆ పాత హార్డ్‌డిస్కు సంగతేంటి? అసలు సమస్య అదే కదా. అందరూ మర్చిపోయారు.

గూడూరు_జంక్షన్ | ఆదివారం, సాయంత్రం 6:10

అవును. దాని మీద నుంచి బూట్ కావాల్సిన పనే లేదు. రెండో డిస్కుగా తగిలించండి చాలు. ఆ ఎక్స్‌పీ డిస్కు మీద నుంచి బూట్ కాలేరు గానీ, డేటా మాత్రం మామూలుగా కనిపిస్తుంది. ముందుగా 2006 నుంచి ఉన్న ఫైళ్లన్నీ ఎస్‌ఎస్‌డీలోకి, ఇంకో కాపీ బయటి డిస్కులోకి తీయండి. ఆ డిస్కు వయసు అయిపోయింది.

పేజ్‌మేకర్ కోసం వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే ఒక కిటికీలో ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వేసి అందులో ఎక్స్‌పీ పెట్టుకోండి. బాబాయ్ దగ్గర ఎక్స్‌పీ సీడీ ఉండే ఉంటుంది. దానికి నెట్ ఇవ్వకండి, ఫైళ్లకు షేర్డ్ ఫోల్డర్ ఒకటి చాలు. పాత ఫాంట్లతో చేసిన పేజీ అందులోంచి పీడీఎఫ్ తీసి, ట్రేసింగ్ ప్రింటు విండోస్ 11 నుంచే కొట్టుకోవచ్చు. పాత సాఫ్ట్‌వేర్‌కి ప్రింటర్ పోర్టులో పెట్టే డాంగిల్ లాక్ ఏదైనా ఉంటే చెప్పండి. ఉంటే ఈ దారి కుదరకపోవచ్చు.

పినాకిని_బోగీ | ఆదివారం, సాయంత్రం 6:25

డాంగిల్ లేదు. సీడీ ఉంది, అట్టపెట్టెలో, కీ పెన్నుతో రాసి. నా రైలు పోయింది, రేపు పొద్దున బయల్దేరతా. ఇప్పుడే మొదలుపెడుతున్నాం.

పినాకిని_బోగీ | ఆదివారం, రాత్రి 10:55

పని అయింది. ఫైళ్లు కాపీ అయ్యాయి, రేపటి పెళ్లి కార్డు ప్రూఫ్ కూడా ఎక్స్‌పీలోంచే తీశాం. 48 అంకెల కొత్త కీ రెండు కాగితాల మీద రాసి, ఒకటి బీరువాలో, ఒకటి గల్లాపెట్టెలో దేవుడి పటం వెనక పెట్టాడు.

వర్చువల్‌బాక్స్ ఆన్ చేసినప్పుడు ఒక చిన్న సంగతి. ఆ కిటికీలో మొదట లోగో వచ్చి, కింద ఎఫ్12 నొక్కితే బూట్ డివైస్ ఎంచుకోవచ్చు అని కనిపించింది. నాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇదేంది, ఇది బయోస్ కదా?" అన్నాడు. అవును, ఎక్స్‌పీ కోసం వేసిన ఈ వర్చువల్ మెషీన్ లోపల ఉన్నది బయోసే అని చెప్పా. ఇక నన్ను మౌస్ ముట్టుకోనివ్వలేదు.

జంపర్_1999 | ఆదివారం, రాత్రి 11:20

గూడూరు బాబుకి, ఒంగోలు సర్వీసు బాబుకి ధన్యవాదాలు. ఒక సందేహం. ఎఫ్12 నొక్కితే వచ్చిన పట్టీలో ఎఫ్ అక్షరం ఎదురుగా ఫ్లాపీ అని ఉంది. నా దగ్గర 1999 నాటి ఫ్లాపీలు ఒక డబ్బా ఉన్నాయి, ఆ బూట్ సెక్టార్ కాపీలు వాటిలోనే ఉన్నాయి. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ డ్రైవు ఒంగోల్లో గానీ నెల్లూర్లో గానీ ఎక్కడైనా దొరుకుతుందా?

ర్యామ్_రబ్బరు | ఆదివారం, రాత్రి 11:26

నా దగ్గర ఒకటి ఉంది సార్. మంగళవారం కావలి వస్తున్నా, తెచ్చిస్తాను. ఆ దారం కథ ఇంకోసారి చెప్పాలి మరి.